ఏ బంకు, ఏ పెట్రోలు? భిలాయ్ నుంచి ఒక ప్రశ్న

మొన్నటి వానాకాలంలో ఒక రాత్రి భిలాయ్ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఖుర్సీపార్‌లో వాడికి చిన్న ఇల్లు, ఇంటి ముందు 2021లో వాయిదాల మీద కొన్న పెట్రోలు చిన్న ట్రక్కు ఉన్నాయి. తెల్లవారుజామున ధమ్‌ధా వైపు పొలాల నుంచి టమాటా, కూరగాయలు సుపేలా మార్కెట్టుకు తెస్తాడు. పగలు లైట్ ఇండస్ట్రియల్ ఏరియాలోని చిన్న కార్ఖానాల నుంచి ఇనుప సామాను మోస్తాడు. బండి వాడికి వాహనం మాత్రమే కాదు, దుకాణం కూడా అదే.

"అన్నయ్యా, నువ్వు ఢిల్లీలో మంత్రుల ప్రెస్‌మీట్లకు తిరుగుతావు కదా. ఒక్క సంగతి చెప్పు. ఏ బంకులో పోయించమంటావు? మామూలు పెట్రోలా, ఎక్కువ ధరదా? ఇదివరకు లీటరుకు పదిహేను ఇచ్చే బండి ఇప్పుడు పద్నాలుగు ఇవ్వడమే గగనంగా ఉంది. బంకువాడు మోసం చేస్తున్నాడా, బండి పాడైందా, పెట్రోలే మారిందా? ఏటి చేయాలి?"

పాతికేళ్లకు పైగా జాతీయ రాజకీయాలు రాస్తున్నవాణ్ణి. ఎన్నికల్లో ఎవరు గెలుస్తారని అడిగితే నాకు తడుముకోవలసిన పని ఉండదు, తప్పు చెప్పినా ఆత్మవిశ్వాసంతో చెబుతాను. ఈ ప్రశ్నకు మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులు కాగితాలు తిరగేశాక నాకు అర్థమైనదేమిటంటే, వాడు అడిగిన మూడు ప్రశ్నల్లో రెండింటికి జవాబు మెకానిక్ చెప్పగలడు. మూడోదానికి జవాబు పార్లమెంటు చెప్పాలి.

భిలాయ్ గురించి తెలియని పాఠకులకు ఒక మాట. సోవియట్ సహాయంతో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన ఊరు అది. కర్మాగారం కట్టే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వేలాదిమంది కూలికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. మొదటి తరానికి స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం, సెక్టార్‌లో క్వార్టర్ దొరికాయి. రెండో తరంలో కొందరికే దొరికాయి. మూడో తరం కాంట్రాక్టు కూలీలుగా, దుకాణదారులుగా, డ్రైవర్లుగా బతుకుతోంది. తండ్రి పదవీ విరమణ డబ్బులో కొంత తీసి కొడుక్కి చిన్న ట్రక్కు కొనిపెట్టడం ఆ ఊళ్లో సర్వసాధారణమైన కథ. ప్రభుత్వరంగం ఇవ్వలేకపోయిన ఉద్యోగానికి ఆ ట్రక్కే ప్రత్యామ్నాయం. కాబట్టి దానిలో పోసే ఇంధనం ధర, నాణ్యత ఆ కుటుంబానికి జీతభత్యాల ప్రశ్నతో సమానం.

ముందుగా మెకానిక్ చెప్పగలిగిన జవాబులు.

ఎక్కువ ధర పెట్రోలు అక్కర్లేదు. ఎక్స్‌పీ95, పవర్95, స్పీడ్ వంటి పేర్లతో లీటరుకు కొన్ని రూపాయలు అదనంగా పుచ్చుకొని అమ్మేవాటిలో ప్రధానంగా కొనేది ఆక్టేన్ సంఖ్య. ఇంజిన్‌లో ఇంధనం ముందే పేలిపోకుండా ఒత్తిడిని తట్టుకునే శక్తికి అది కొలమానం. ఇంధనంలో ఎంత బలం ఉందో చెప్పే కొలమానం కాదు. టర్బో ఉన్న కార్లకు, అధిక ఒత్తిడితో నడిచే ఇంజిన్లకు దానితో పని ఉంటుంది. టమాటా బుట్టలు మోసే చిన్న ట్రక్కు ఇంజిన్‌ను మామూలు పెట్రోలుకే తయారుచేస్తారు. పైగా ఇరవై శాతం ఇథనాల్ కలిసిన మామూలు పెట్రోలుకే 95 ఆక్టేన్ ఉంటుందని పెట్రోలియం శాఖే చెబుతోంది. అటువంటప్పుడు అదే అంకె కోసం మరికొంత చెల్లించడంలో అర్థం లేదు.

బంకు సంగతి. ఏ కంపెనీ అన్నది దాదాపు అప్రధానం. ప్రభుత్వరంగంలోని మూడు చమురు కంపెనీలు ఒకరి డిపోల నుంచి మరొకరు సరుకు తీసుకోవడం ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటే. బోర్డు రంగు కన్నా ముఖ్యమైనది ఆ బంకులో రోజుకు ఎంత అమ్ముడవుతుందన్నది. జీఈ రోడ్డు మీద లారీలు బారులు తీరే బంకులో భూగర్భ ట్యాంకు త్వరగా ఖాళీ అయి నిండుతుంది, సరుకు తాజాగా ఉంటుంది. ఊరి చివర, రోజుకు పది బండ్లు రాని బంకులో పెట్రోలు రోజుల తరబడి నిలవ ఉంటుంది. ఇథనాల్‌కు నీటిని లాక్కునే గుణం ఉంది. వానాకాలంలో ట్యాంకులోకి తేమ చేరితే కలిసి ఉన్న ఇథనాల్, నీరు జట్టుకట్టి అడుగుకు చేరిపోతాయి, పెట్రోలు పైన తేలుతుంది. ఆ అడుగు సరుకు బండిలోకి వస్తే ఇంజిన్ మొరాయిస్తుంది. కాబట్టి వానల్లో నిలవ సరుకు బంకుకు దూరంగా ఉండటం, సొంత బండి ట్యాంకును కూడా అడుగంటనివ్వకుండా చూసుకోవడం మంచిది.

అనుమానం ఉంటే పరీక్షించే హక్కు కొనుగోలుదారుడికి ఉంది. ఈ హక్కు సంగతి చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు మొహమాటపడతారు. ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన అయిదు లీటర్ల కొలపాత్ర ఉండాలి. అడిగితే అందులో పోసి చూపాలి. అయిదు లీటర్లకు పాతిక మిల్లీలీటర్ల కన్నా ఎక్కువ తేడా రాకూడదు. వడపోత కాగితం అడిగితే ఇవ్వాలి; దాని మీద వేసిన చుక్క మరక లేకుండా ఆరిపోవాలి. సాంద్రత చూపమనవచ్చు. ఆ రోజు బంకు రికార్డులో రాసిన అంకెకూ, ఇప్పుడు కొలిచిన అంకెకూ మధ్య మూడు పాయింట్లకు మించి తేడా ఉండకూడదు. ఇక తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు పోయిస్తే ఎక్కువ వస్తుందని, వంద రూపాయలకు బదులు నూటపది రూపాయలకు పోయిస్తే మోసం ఉండదని వాట్సాప్‌లో తిరిగే సూత్రాలను పట్టించుకోనక్కర్లేదు. భూమిలో అంత లోతున ఉన్న ట్యాంకుకు ఉదయానికీ మధ్యాహ్నానికీ పెద్ద తేడా తెలియదు.

ఇదంతా వాడు చేశాడు. మొహమాటం మానుకొని కొలపాత్ర కూడా అడిగాడు. కొలత సరిగ్గానే ఉంది. బండి సర్వీసు చేయించాడు, ఫిల్టరు మార్పించాడు. ఒక నోటుపుస్తకం పెట్టి ట్యాంకు నింపిన ప్రతిసారీ కిలోమీటర్లు రాశాడు. అప్పటికీ పద్నాలుగు చుట్టూనే తిరిగింది.

కాబట్టి మిగిలింది మూడో ప్రశ్న. అవును, పెట్రోలే మారింది.

2018 జీవ ఇంధన విధానంలో 2030 నాటికి పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలపాలన్నది లక్ష్యం. 2022లో ఆ విధానాన్ని సవరించి గడువును 2025-26కు ముందుకు జరిపారు. 2022 జూన్‌కు పది శాతం పూర్తయింది. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రధాని ఇ-20 పెట్రోలును ప్రారంభించినప్పుడు అది 11 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని 84 బంకులకే పరిమితం. 2025 నడిమికి వచ్చేసరికి దేశమంతటా ఇరవై శాతం సాధించామన్న ప్రకటన వెలువడింది. పన్నెండేళ్ల పనిని ఏడేళ్లలో ముగించిన ఘనత ఇది. పరిపాలనా సామర్థ్యంగా చూస్తే మెచ్చుకోదగినదే. పదేళ్లు ఆలస్యమయ్యే ప్రాజెక్టుల గురించి రాసి రాసి అలసిన విలేఖరికి అయిదేళ్లు ముందుగా పూర్తయిన పథకం అపురూపంగానే కనబడాలి.

అయితే ఆ అయిదేళ్లూ ఎక్కడి నుంచి వచ్చాయి? పాత బండ్లు సహజంగా రోడ్డు మీద నుంచి తప్పుకోవడానికి పట్టే కాలం నుంచి వచ్చాయి. ఇ-20ను తట్టుకునే రబ్బరు, లోహపు భాగాలతో కొత్త బండ్లు రావడం మొదలైంది 2023 ఏప్రిల్ నుంచి. ఇ-20కి తగ్గట్టుగా ఇంజిన్‌నే సవరించిన బండ్లు 2025 ఏప్రిల్ నుంచి రావాలని ప్రణాళిక. మా వాడి ట్రక్కు 2021ది.

ఆ సంవత్సరానికి ఒక ప్రత్యేకత ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు అమలులోకి వచ్చాక చిన్న డీజిల్ ఇంజిన్లలో పొగను శుద్ధిచేసే యంత్రాంగం ఖరీదైపోయింది. 2005లో డీజిల్‌తో మొదలై 'ఛోటా హాథీ' అని పేరు తెచ్చుకున్న టాటా ఏస్ సైతం 2020లో పెట్రోలు రూపంలో వచ్చింది. మారుతీ సూపర్ క్యారీదీ పెట్రోలు, సీఎన్‌జీ దారే. అంటే, ప్రభుత్వ నిబంధన ఒకటి చిన్న ట్రక్కు కొనేవాణ్ణి డీజిల్ నుంచి పెట్రోలుకు నెట్టింది. మూడేళ్లు తిరగకుండా ప్రభుత్వ విధానం మరొకటి ఆ పెట్రోలునే మార్చడం మొదలుపెట్టింది. 2020 నుంచి 2023 మధ్య పెట్రోలు ట్రక్కు కొన్నవాడు రెండు విధానాల నడుమ చిక్కుకున్న మనిషి. వాడికి ఓటు ఉంది, కానీ వాడి పేరుతో సంఘం లేదు, లాబీ లేదు.

మైలేజీ తగ్గుతుందన్నది వదంతి కాదు, రసాయనశాస్త్రం. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికన్నా సుమారు మూడోవంతు తక్కువ. అయిదో వంతు ఇథనాల్ కలిస్తే మొత్తం మీద ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. ఇది విమర్శకుల లెక్క కాదు. నీతి ఆయోగ్, పెట్రోలియం శాఖ కలిసి 2021 జూన్‌లో ప్రచురించిన నివేదికే ఈ మాట చెప్పింది. పది శాతానికి సర్దిన నాలుగు చక్రాల బండిలో ఇరవై శాతం పోస్తే ఆరేడు శాతం, ఇరవైకి సర్దిన బండిలో ఒకటి రెండు శాతం మైలేజీ తగ్గుతుందని అందులో ఉంది. 2025 ఆగస్టులో విమర్శలు ముదిరాక శాఖ ఇచ్చిన వివరణ కూడా పాత బండ్లలో ఆరు శాతం దాకా తగ్గవచ్చునని ఒప్పుకుంది, కాకపోతే 'స్వల్పం' అన్న విశేషణం తగిలించింది.

స్వల్పమా? లెక్క వేద్దాం. రోజుకు ఎనభై కిలోమీటర్లు, నెలకు పాతిక రోజులు తిరిగితే రెండు వేల కిలోమీటర్లు. లీటరుకు పదిహేను చొప్పున 133 లీటర్లు కావాలి. ఆరు శాతం తగ్గితే దాదాపు 142 లీటర్లు కావాలి. తేడా ఎనిమిదిన్నర లీటర్లు. లీటరు వంద రూపాయల చుట్టూ ఉన్న దుర్గ్ జిల్లాలో నెలకు 850 రూపాయలు, ఏడాదికి పది వేలు. మంత్రిగారి కాన్వాయ్‌లో ఇది స్వల్పమే. ట్రక్కు వాయిదా కట్టేవాడి ఇంట్లో పిల్లల బడి ఫీజులో కొంత భాగం.

ఇక్కడ ప్రభుత్వం వైపు వాదన కూడా వినాలి. అది బలహీనమైన వాదన కాదు. మన చమురులో అయిదింట నాలుగు వంతులకు పైగా దిగుమతి. 2014-15 నుంచి ఇథనాల్ వల్ల 1.44 లక్షల కోట్ల రూపాయల విదేశీ మారకం మిగిలిందని పెట్రోలియం శాఖ లెక్క. చెరకు, మొక్కజొన్న రైతుకు స్థిరమైన కొనుగోలుదారు దొరికాడు. గల్ఫ్‌లో ఎవరు ఎవరి మీద బాంబు వేసినా మన బంకు వణికే స్థితి కొంతైనా తగ్గాలంటే సొంత ఇంధనం కావాలి. నేను ఇథనాల్‌కు వ్యతిరేకిని కాను. దేశానికి మేలు జరిగినప్పుడు దాని ఖర్చు ఎవరు భరించారన్నదే నా ప్రశ్న. మేలు జాతీయ లెక్కల్లో కనబడుతోంది, ఖర్చు మా వాడి నోటుపుస్తకంలో కనబడుతోంది.

2021 నాటి ఆ నివేదికను మళ్లీ తెరవండి. తక్కువ శక్తి ఉన్న ఇంధనానికి తక్కువ ధర ఉండాలని, పన్ను రాయితీ ఇవ్వాలని అందులో సూచన ఉంది. పాత బండ్ల కోసం పది శాతం పెట్రోలును రక్షణ గ్రేడుగా కొనసాగించాలన్న మాట కూడా ఉంది. గడువు ముందుకు జరపడం దగ్గర నివేదికను అక్షరాలా పాటించినవారు ఈ రెండు సూచనల దగ్గరకు వచ్చేసరికి పేజీ తిప్పేశారు. బంకులో ఇ-10 అడిగితే దొరకదు. ఇ-20కి ధర తగ్గలేదు. ఎంపికే లేనిచోట ఏ పెట్రోలు పోయించాలన్న ప్రశ్నకు జవాబేముంటుంది?

ధర ఎందుకు తగ్గించరంటే శాఖ చెప్పే కారణం ఒకటుంది. నివేదిక రాసిన నాటికి ఇథనాల్ చవక. 2025లో రవాణా, జీఎస్టీ కలుపుకొని సగటున లీటరు 71.32 రూపాయలు పడింది, శుద్ధిచేసిన పెట్రోలు కన్నా అదే ఖరీదు అని. నిజమే కావచ్చు. అయితే దాని అర్థమేమిటి? పెట్రోలు కన్నా ఖరీదైన, పెట్రోలు కన్నా శక్తి తక్కువైన సరుకును వినియోగదారుడికి పెట్రోలు ధరకు అమ్ముతున్నామని ప్రభుత్వమే చెప్పినట్లు. రైతుకు మద్దతు ఇవ్వాలంటే ఖజానా నుంచి ఇవ్వాలి, బడ్జెట్‌లో పద్దు రాయాలి, పార్లమెంటులో చర్చ జరగాలి. అదే మద్దతును బంకు గొట్టం ద్వారా వసూలు చేస్తే పద్దూ ఉండదు, చర్చా ఉండదు. ఇది పేరు పెట్టని పన్ను.

పన్నుల మాట వచ్చింది కనుక రెండు అంకెలు. 2014 మే నాటికి పెట్రోలు మీద కేంద్ర ఎక్సైజ్ లీటరుకు 9.48 రూపాయలు. కోవిడ్ లాక్‌డౌన్‌లో చమురు ధర పాతాళానికి పడిపోయినప్పుడు దాన్ని 32.98కి పెంచారు. 2021 నవంబరులో, 2022 మేలో తగ్గించి 19.90కి తెచ్చారు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ రెండు రూపాయలు పెంచి 21.90 చేశారు, ఆ భారం చమురు కంపెనీలే మోశాయి కనుక బంకులో ఎవరికీ తెలియలేదు. ఈ 21.90లో రాష్ట్రాలతో పంచుకోవలసిన మూల సుంకం 1.40 మాత్రమే. మిగిలినదంతా సెస్సులు, ప్రత్యేక అదనపు సుంకాల పేరుతో కేంద్రం దగ్గరే ఉండేది. సమాఖ్య వ్యవస్థ గురించి సదస్సుల్లో గంటలకొద్దీ మాట్లాడతాం. ఈ ఒక్క నిష్పత్తి చూస్తే చాలు.

రాష్ట్రం కూడా అమాయకురాలేం కాదు. ఛత్తీస్‌గఢ్‌లో పెట్రోలుపై 24 శాతం వ్యాట్, దానిమీద లీటరుకు రెండు రూపాయలు ఉండేవి. 2025 బడ్జెట్‌లో ఒక రూపాయి తగ్గించారు. వ్యాట్ పడేది లీటరు ధర మీద. అందులో ఎంత శక్తి ఉందన్నదాని మీద కాదు. మా వాడు అదనంగా కొనే ఎనిమిదిన్నర లీటర్ల మీద కూడా రాష్ట్రానికి వ్యాట్ చేరుతుంది. మైలేజీ తగ్గితే రాయపూర్ ఖజానాకు లాభమే తప్ప నష్టం లేదు. డీజిల్ సంగతి మరీ విచిత్రం. బంకులో పోయించుకునేవాడికి 23 శాతం వ్యాట్, లీటరుకు ఒక రూపాయి. పెద్ద మొత్తంలో కొనే పరిశ్రమలకు మాత్రం వ్యాట్‌ను 17 శాతానికి తగ్గించారు. కారణం, వాళ్లు పక్క రాష్ట్రాల నుంచి తెప్పించుకుంటున్నారట. అంటే సరిహద్దు దాటగల శక్తి ఉన్నవాడికి రాయితీ. ట్యాంకరు తెప్పించుకోలేని చిన్న ట్రక్కువాడికి పూర్తి రేటు. అలాగని తెలుగు రాష్ట్రాలు మేలని ఎవరూ సంబరపడనక్కర్లేదు. తెలంగాణలో పెట్రోలు వ్యాట్ 35.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, ఆపైన నాలుగు రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. సొంతూరికి సరుకు వేసుకొని వచ్చినా వాడికి ఊరట దొరకదు.

2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా వాహనాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మంచిదే. కొత్త బండి కొనేవాడికి ఊరట. పాత బండి నడిపేవాడి ఇంధనం మాత్రం జీఎస్టీ పరిధికి బయటే ఉంది, ఉంటుంది కూడా. కేంద్రంలో ఏ పార్టీ ఉన్నా, రాష్ట్రంలో ఏ పార్టీ ఉన్నా ఈ విషయంలో అపూర్వమైన ఏకాభిప్రాయం ఉంది.

ఇప్పుడు భిలాయ్‌కు మరీ దగ్గరి సంగతి. ఆ ఊరి చుట్టూ ఉన్నది వరి నేల. ఛత్తీస్‌గఢ్‌లో ధాన్యం క్వింటాలుకు 3,100 రూపాయలు ఇచ్చి, ఎకరాకు 21 క్వింటాళ్ల చొప్పున కొంటామన్న హామీ 2023 ఎన్నికల్లో భాజపాకు అధికారం తెచ్చిన వాటిలో ఒకటి. 2024-25 సీజన్‌లో ఆ రాష్ట్రం కొన్నది దాదాపు 149 లక్షల టన్నులు. కేంద్ర మద్దతు ధర 2,300 పోగా మిగిలిన 800 రాష్ట్ర ఖజానా భారం. ఇంత ధాన్యం ఏం చేయాలి? మిగులు ధాన్యంతో ఇథనాల్ చేసుకోనివ్వమని కేంద్రాన్ని మొదట అడిగింది ఇప్పటి ప్రభుత్వం కాదు, అంతకు ముందున్న భూపేశ్ బఘేల్ కాంగ్రెస్ ప్రభుత్వం. కాబట్టి ఇది ఒక పార్టీ మీద వేయవలసిన నింద కూడా కాదు.

కేంద్రం 2023 జూలైలో ఆహార సంస్థ బియ్యాన్ని డిస్టిలరీలకు ఇవ్వడం ఆపింది, 2024 ఆగస్టులో మళ్లీ అనుమతించింది. 2024-25 ఇథనాల్ సంవత్సరానికి 52 లక్షల టన్నులు కేటాయించింది. ధర క్వింటాలుకు 2,250 రూపాయలు. ఆ బియ్యాన్ని సేకరించి, నిలవచేసి, మోయడానికి ఆహార సంస్థకు అయ్యే ఖర్చు క్వింటాలుకు దాదాపు నాలుగు వేలు. క్వింటాలు బియ్యానికి ఒకటిన్నర క్వింటాళ్ల ధాన్యం కావాలి. ఛత్తీస్‌గఢ్ ఇచ్చే రేటున ధాన్యానికే 4,600 పైచిలుకు అవుతుంది. అంతకు కొన్నదాన్ని సగం కన్నా తక్కువకు డిస్టిలరీకి ఇచ్చి, తయారైన ఇథనాల్‌ను మంచి ధరకు తిరిగి కొని, పెట్రోలులో కలిపి, పూర్తి ధరకు అమ్ముతున్నాం. ఈ గొలుసులో రైతుకు మేలు జరిగిందనుకుందాం. డిస్టిలరీకి తప్పకుండా జరిగింది. పన్ను కట్టేవాడు ఒకసారి ఆహార సబ్సిడీ రూపంలో, రెండోసారి బంకులో చెల్లించాడు.

ఇంకో లెక్క నన్ను కలవరపెట్టింది. టన్ను బియ్యం నుంచి సుమారు 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అంటే లీటరుకు రెండు కిలోలకు పైగా బియ్యం. ఇరవై లీటర్ల ఇ-20లో నాలుగు లీటర్ల ఇథనాల్ ఉంటుంది. అన్నిచోట్లా అది బియ్యం నుంచే రాదు. మొక్కజొన్న, చెరకు వాటాలు పెద్దవి. కానీ ఆ నాలుగు లీటర్లూ బియ్యం నుంచే వచ్చి ఉంటే తొమ్మిది కిలోల దాకా బియ్యం. ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు వచ్చేది అయిదు కిలోలు. మా వాడి ఇంట్లో రేషన్ కార్డు ఉంది. కార్డు మీద వచ్చే బియ్యమూ, ట్రక్కులో పోసే పెట్రోలూ ఒకే గోదాము నుంచి బయలుదేరుతున్నాయేమో!

మిగతా దేశాలు ఇథనాల్ కలపడం లేదా? కలుపుతున్నాయి, మనకన్నా ఎక్కువగా కూడా. బ్రెజిల్ 2025 ఆగస్టు నుంచి ముప్పై శాతం కలుపుతోంది. కానీ అక్కడ 2003 నుంచి ఏ పాళ్లలో కలిపినా నడిచే ఫ్లెక్స్ ఇంజిన్లు వచ్చాయి. బంకులో ఇథనాల్ ధర విడిగా, పెట్రోలు ధర విడిగా రాసి ఉంటాయి. పెట్రోలు ధరలో ఇథనాల్ ధర 70 శాతం దాటితే పెట్రోలు పోయించుకోవడం లాభమని అక్కడి టాక్సీ డ్రైవర్లకు కంఠతా వచ్చు. బ్రిటన్ 2021 సెప్టెంబరులో పది శాతానికి మారినప్పుడు పాత కార్ల కోసం అయిదు శాతం గ్రేడును అట్టేపెట్టింది. అమెరికాలో చాలాచోట్ల కలిపిన శాతం పంపు మీద అంటించి ఉంటుంది. ఎక్కడా ఇంధనం మార్చడం నేరం కాలేదు. మార్చిన సంగతి చెప్పారు, వేరే దారి ఉంచారు.

మనదగ్గర ఆ వేరే దారి కోసం ఒక న్యాయవాది సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని, ఎంత శాతం కలిపారో బంకు దగ్గర స్పష్టంగా రాయాలని కోరారు. 2025 సెప్టెంబరు 1న ప్రధాన న్యాయమూర్తి గవాయ్ నేతృత్వంలోని ధర్మాసనం ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. విధానపరమైన నిర్ణయాల్లో కోర్టు జోక్యం చేసుకోకపోవడాన్ని నేను తప్పుపట్టను. ఆ పని చట్టసభది. కానీ చట్టసభలో జరిగిందేమిటి? చర్చ కాస్తా నితిన్ గడ్కరీ చుట్టూ తిరిగింది. ఆయన కుమారుల ఇథనాల్ వ్యాపారం మీద కాంగ్రెస్ ఆరోపణలు చేసింది. ఇది తనమీద డబ్బిచ్చి చేయిస్తున్న ప్రచారమని గడ్కరీ కొట్టిపారేశారు. రెండు వారాలు టీవీలకు మంచి మేత. ఆ గొడవలో 2021 నివేదికలోని ధర తగ్గింపు సూచన ఏమైందని గట్టిగా నిలదీసినవారు కనబడలేదు. అడిగితే తమ రాష్ట్ర ప్రభుత్వాల వ్యాట్ సంగతి కూడా బయటికి వస్తుందన్న జంకు ప్రతిపక్షానికి ఉండి ఉంటుంది.

నా కోరికలు పెద్దవి కావు. బంకు గొట్టం మీద, బిల్లు మీద ఇథనాల్ శాతం ముద్రించండి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్ల ఆయుష్షు తీరేదాకా జిల్లాకు కొన్ని బంకుల్లోనైనా ఇ-10 ఉంచండి. అదీ కుదరదంటే, శక్తి ఎంత తగ్గిందో ధర అంత తగ్గించండి. లీటరుకు అయిదారు రూపాయలు. ఇ-10 విడిగా నిలవచేయడానికి ట్యాంకులు, ట్యాంకర్లు లేవని చమురు కంపెనీలు అనవచ్చు. అదనపు ధరకు అమ్మే ప్రీమియం పెట్రోలుకు మాత్రం విడి ట్యాంకు, విడి గొట్టం ఎలా దొరికాయి?

వాడికి ఫోన్ చేసి నాకు తెలిసిందంతా చెప్పాను. మామూలు పెట్రోలే పోయించు, రద్దీ ఉన్న బంకుకే వెళ్లు, బిల్లు దాచుకో, బండి మాన్యువల్‌లో ఇ-10 అని ఉందో ఇ-20 అని ఉందో చూడు, రబ్బరు పైపులు ఏటా చూపించు అన్నాను. శ్రద్ధగా విన్నాడు. మాన్యువల్ తీసి చూసి ఇ-10 దాకా అని రాసి ఉందన్నాడు.

"అయితే ఆ ఇ-10 ఎక్కడ దొరుకుతాదన్నయ్యా?" అన్నాడు.

దొరకదన్నాను. కాసేపు ఊరుకుని, నవంబరు నడిమి నుంచి ధాన్యం కొనుగోళ్లు మొదలవుతాయని, పల్లెల నుంచి సొసైటీ కేంద్రాలకు బస్తాలు మోసే కిరాయిలు బాగానే ఉంటాయని చెప్పాడు. దుర్గ్ చుట్టూ నాలుగైదు ఊళ్లతో అప్పుడే మాట్లాడుకున్నాడట. ట్రిప్పుకు ఎంత అడగాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు. పాత లెక్క లీటరుకు పదిహేను మీద వేసింది.